లూజు బుట్ట

మాస్టారి కొట్టులో లూజు మనుషులు ఉండొచ్చు గాని లూజు బట్టలు ఉండకూడదు. ఈ మాట అనేది మాస్టారే, అదీ వీధి మలుపు దాకా వినిపించేలా. మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, బట్టలు కుట్టే మాస్టారు. దర్జీకీ దర్జాకీ తేడా ఒక్క గుణింతమేనని నమ్మిన మనిషి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, పెదాల మధ్య గుండుసూదులు. నోట్లో సూదులున్నా మాట్లాడగలరు. అసలు చిక్కంతా అక్కడే. "గుండీ ఊడితే నా దగ్గరికి రా, గుండె ఊడితే ఆసుపత్రికి పో" అంటారు. "మా ఇంట్లో అన్నీ కుట్లే, కుట్రలు లేవు" అంటారు. గిరాకీలు నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు, వాళ్ళ ప్యాంట్లు ఆయన చేతిలో ఉంటే!

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్టులో కిటికీ పక్కన మూడు మిషన్లు, మధ్యలో కత్తిరించే బల్ల, వెనక గోడకి ఆనుకుని ఇస్త్రీ బల్ల. మేడమెట్ల కింద ఒక పాత వెదురు బుట్ట. దాని పేరు లూజు బుట్ట. ఇంట్లో ఎవరి బట్టయినా ఒంటి మీద కాస్త వదులుగా వేలాడితే, విప్పిన వెంటనే ఆ బుట్టలో పడెయ్యాలి. ఎక్కడ వదులో అక్కడ ఒక గుండుసూది గుచ్చాలి. మిషను మీద చెయ్యి ఖాళీ అయినవాళ్ళు బుట్టలోంచి తీసి, సూది ఉన్న చోట ఒక కుట్టు వేసి, మడిచి మెట్ల మీద పెట్టాలి. అది ఎవరిదని అడగక్కర్లేదు. ఎందుకు వదులైందని అసలే అడగక్కర్లేదు.

"కొట్టుకి వేరే బోర్డెందుకురా? మన ఒళ్ళే మన బోర్డు" అని మాస్టారు ఆ పద్ధతి పెట్టారు. అందుకే ఆ ఇంట్లోవాళ్ళు రోడ్డు మీద నడుస్తుంటే అద్దాల బీరువాలోంచి దిగివచ్చినట్టుండేది. మాస్టారి భార్య కూరగాయలకి వెళ్ళినా భుజాల దగ్గర ఒక్క ముడత ఉండేది కాదు.

ఇంకో రూలుంది. అది బడి యూనిఫారాల సీజనులో మాత్రమే. తెల్లబట్ట ముట్టుకునే చెయ్యి పని మధ్యలో తిండి ముట్టుకోకూడదు. ఒక ఏడాది ఎవరిదో పసుపు వేలిముద్ర ఒక కాలరు మీద పడి, బడివాళ్ళు మొత్తం మూటని వెనక్కి పంపారు. ఆ రోజు మాస్టారి జోకులు రెండు గంటలపాటు ఆగిపోయాయి. వీధంతా ఎవరైనా పోయారేమో అనుకుంది. అప్పటినుంచి ఆ రూలు రాజ్యాంగం.

సీజనులో పని ఇలా నడిచేది. మాస్టారు కత్తిరిస్తారు. కొడుకు కుడతాడు. అంచుల మిషను మీద పక్కవీధి నుంచి వచ్చే ఒక పెద్దావిడ కూర్చుంటుంది. ఆమెని అందరూ ఓవర్‌లాకు పిన్ని అంటారు. చేతికింద ఓవర్‌లాకు ఉంది గాని నోటికి ఏ లాకూ లేదు. మాస్టారి భార్య గుండీలు వేస్తుంది. అన్నీ అయ్యాక ఇస్త్రీ, మడత. ఆ చివరి పని కోడలిది. పెళ్ళయిన కొత్తలోనే మాస్టారు ఆమెకి ఇస్త్రీపెట్టె ఇచ్చి, "స్త్రీకి ముందు ఒక అక్షరం తగిలిస్తే ఇస్త్రీ అమ్మా, పెద్ద తేడా లేదు" అన్నారు. ఆమె నవ్వింది. మెత్తగా నవ్వే పిల్ల. అడిగితే తప్ప మాట్లాడదు, అడిగినా ఒక మాటకు మించదు.

ఇప్పుడామెకి ఏడో నెల.

ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాల్సిన రోజులు ఈమధ్య రెండు తప్పాయి. సీజను. వచ్చే వారం వెళ్దాం అన్నవాళ్ళు ఆ వారం వచ్చినా అదే అన్నారు. చివరికి అక్కడినుంచే కబురొచ్చింది. కొడుకు గుండీలు తేవడానికి బజారుకెళ్ళాడు, భార్యకి మడమ నొప్పి. కాబట్టి మాస్టారే బయల్దేరారు, మెడలో టేపుతో సహా.

అక్కడ బెంచీల నిండా ఆడవాళ్ళు. మాస్టారు కూర్చున్నారో లేదో, పక్కనున్న ముసలావిడతో, "మేమిద్దరం కాదండీ, ఈ అమ్మాయి ఒక్కతే కడుపుతో ఉంది. నాది ఉత్త బొజ్జ" అన్నారు. బెంచీ అంతా గొల్లుమంది. కోడలు తల వంచుకుని నవ్వింది. ఆమె ఒంటి మీద నీలం గౌను. మాస్టారే కత్తిరించిన గౌను. ముందువైపు కుచ్చులు వదిలి, పొట్ట పెరిగేకొద్దీ విప్పుకునేలా తయారుచేశారు. మొన్ననే ఒక కుచ్చు విప్పి, "మనవడు మార్జిన్ అడుగుతున్నాడు!" అని కొట్టంతా చాటారు కూడా.

నర్సమ్మ పిలిచింది. సన్నగా, చురుగ్గా, కళ్ళజోడు ముక్కు చివరికి జారిన మనిషి.

"ఎక్కమ్మా."

కోడలు బరువు మిషనెక్కింది.

"దిగి మళ్ళీ ఎక్కు."

మళ్ళీ ఎక్కింది.

"చెప్పులు విప్పమంటారా? చెప్పులవల్ల ఎక్కువ చూపిస్తోందేమో" అన్నారు మాస్టారు.

"ఎక్కువ చూపిస్తే బాగుండేదండీ" అంది నర్సమ్మ, ఆయన వైపు చూడకుండానే. "కిందటిసారి కంటే తగ్గింది. ఏడో నెల్లో తగ్గడమేంటి?"

"మా కోడలు నాజూకండి. ఆ ఒంటి తీరే అంత."

నర్సమ్మ సొరుగులోంచి సన్నని టేపొకటి తీసింది. ఒక కొసన ఎర్రరంగు పూసి ఉంది. మాస్టారి మొహం వెలిగింది. "ఓహో, మీరూ మా వృత్తేనన్నమాట! టేపు పట్టినవాళ్ళంతా నాకు చుట్టాలే."

"చెయ్యి పైకి జరుపమ్మా. జబ్బ కొలవాలి."

కోడలు గౌను చెయ్యిని పైకి జరపబోయింది. జరగలేదు. మోచేతి పైన అరంగుళం లేచి ఆగిపోయింది. అంత సరిగ్గా పట్టుకునుంది.

"చూశారా ఫిట్టింగు! గాలి దూరడానిక్కూడా టిక్కెట్టు కొనాలి" అన్నారు మాస్టారు.

"గౌను భుజం దింపి చెయ్యి బయటికి తియ్యమ్మా" అంది నర్సమ్మ.

కోడలు తెర వైపు తిరిగి వీపు మీది గుండీలు విప్పింది. చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది.

మాస్టారి నోట్లో తర్వాతి జోకు సిద్ధంగా ఉంది. అది నాలుక మీదే ఎండిపోయింది.

అది చెయ్యా? భుజం ఎముక మీద చర్మం, చర్మం కింద ఎముక, మధ్యలో ఉండాల్సిందేదీ లేదు. గౌను చేతిలో ఉన్నంతసేపూ నిండుగా, గుండ్రంగా కనిపించిన చెయ్యి బయటికి రాగానే గోడకి ఆనించిన చీపురుపుల్లలా ఉంది. నర్సమ్మ జబ్బ మధ్యలో టేపు చుట్టింది. ఎర్రరంగు దగ్గరే ఆగింది.

"ఇరవై" అంది.

సెంటీమీటర్లు. మాస్టారికి అంగుళాల అలవాటు. లెక్క దానంతటదే నడిచింది. ఎనిమిది అంగుళాలకు నూలుపోగంత తక్కువ. ఆ కొలత ఎక్కడో విన్నారు. ఎక్కడో కాదు, మొన్న బళ్ళో. వరసగా నిలబెట్టిన పిల్లల జబ్బలకి టేపు చుట్టి, కొడుకుకి అరిచి చెప్పిన కొలత. అయిదో తరగతి ఆడపిల్లలది.

"కాదండీ. మీ టేపు సాగిపోయుంటుంది. పాత టేపులు సాగుతాయి, నాకు తెలుసు" అన్నారు మాస్టారు.

"సాగితే కొలత ఎక్కడికి పోతుంది?"

తక్కువ చూపిస్తుంది. ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా ఇతరులకు చెబుతున్న మనిషే. ఆ ధైర్యంతోనే మెడలోంచి తన టేపు లాగి, "అమ్మా, ఒక్కసారి" అని కోడలి జబ్బ చుట్టూ చుట్టారు. రెండు కొసలూ కలిసిన చోట చూశారు. వెలుతురు చాల్లేదేమోనని కిటికీ వైపు తిప్పి చూశారు. అయిదో తరగతే.

"పొద్దున్నుంచి ఏం తిన్నావమ్మా?" నర్సమ్మ అడిగింది.

"టీ తాగానండి."

"తిన్నదేంటి అంటున్నా."

కోడలు ఆలోచించింది. నిజంగానే, గుర్తు తెచ్చుకునేదానిలా ఆలోచించింది. "ఇంకో టీ" అంది.

"అమ్మా! మాది తిండికి లేని ఇల్లు కాదు!" మాస్టారి గొంతు గదంతా మోగింది. బయట బెంచీ మీద నవ్వులాగిపోయాయి. "డబ్బాల నిండా సరుకులున్నాయి. పాలు, గుడ్లు, పళ్ళు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు."

"ఇంట్లో ఉందా అని నేనడగలేదండి. ఒంట్లో ఉందా అని అడుగుతున్నా." నర్సమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. కోడలి కింది కనురెప్ప లాగి చూసింది. పొట్ట మీద చెయ్యి వేసి, అటూ ఇటూ నొక్కి, టేపుతో నిలువునా కొలిచింది. "చూడండి. పొట్ట ఉంది కాబట్టి బిడ్డ పెరుగుతోందని మీరంతా అనుకుంటున్నారు. నెలకి తగ్గ ఎత్తు లేదు. ఒంట్లో రక్తం లేదు. ఇలాగే ఉంటే బిడ్డ నెలలు నిండకుండా రావచ్చు, మరీ చిన్నగా పుట్టొచ్చు. కాన్పులో కాస్త రక్తం పోతే ఈ పిల్ల తట్టుకోలేదు. రెండు వారాలు టైమిస్తున్నా. రెండు వారాల్లో బరువు కదలకపోతే పెద్దాసుపత్రిలో చేర్పించాల్సిందే. విన్నారా?"

మాస్టారు విన్నారు. టేపుని మళ్ళీ మెడలో వేసుకోకుండా చుట్టి జేబులో పెట్టుకున్నారు.

దారిలో మాస్టారు ప్రతి నాలుగడుగులకీ ఆగి వెనక్కి చూశారు. కోడలు గౌను భుజం సర్దుకుంటూ నడుస్తోంది. ఎదురొచ్చిన పళ్ళబండివాడు, "ఏం మాస్టారూ, ఇవాళ రేడియో పలకట్లేదు?" అన్నాడు. మాస్టారు బండి మీది అరటిపళ్ళ గెలలోంచి ఒక అత్తం తుంచి, ఒక పండు ఒలిచి కోడలి చేతికిచ్చారు. రోడ్డు మీదే.

"ఇక్కడా మామయ్యా?"

"ఇక్కడే."

ఆమె గబగబా తినేసింది. ఎంత గబగబా అంటే, ఆయన రెండోది ఒలవడం పూర్తికాకముందే మొదటిది అయిపోయింది. మాస్టారు తల తిప్పేసుకున్నారు. ఆకలి అంత పెద్దదని ఆమెకి కూడా అప్పుడే తెలిసినట్టుంది.

"అమ్మా, ఇంత చిక్కిపోయావు. ఒక్క మాట చెప్పకూడదూ?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "చిక్కాననుకోలేదు మామయ్యా. బట్టలన్నీ సరిగ్గానే పడుతున్నాయి కదా!"

మాస్టారు నడిరోడ్డు మీద నిలబడిపోయారు. వెనక సైకిలువాడు బెల్లు మీద బెల్లు కొట్టాడు. ఆయనకి వినిపించలేదు.

ఇంటికి రాగానే, "ఆ గౌను మార్చుకుని నాకియ్యి" అన్నారు. కోడలు పైకెళ్ళి మార్చుకుని, అలవాటుగా ఒక గుండుసూది గుచ్చి తెచ్చింది. చంక కింద. మాస్టారు ఆ సూదిని చూశారు. ఇంకా వదులే!

గౌనుని తిరగేసి కత్తిరించే బల్ల మీద పరిచారు. బల్ల మీదున్న తెల్లకాలర్ల దొంతరని మోచేత్తో పక్కకి నెట్టారు. కొట్టులో అందరూ పనాపి చూశారు. తెల్లకాలర్లని మాస్టారు మోచేత్తో నెట్టడం ఎవరూ ఎరగరు.

లోపలివైపు, చంక నుంచి మోచెయ్యి దాకా, వీపు పక్కనుంచి నడుం దాకా కుట్లు. ఒకటి కాదు. మొదట కత్తిరించినప్పుడు వేసిన అసలు కుట్టు అంచున ఉంది. దానికి లోపల ఒకటి. దానికి లోపల ఇంకొకటి. ఆ లోపల మరొకటి. దున్నిన చేలో చాళ్ళలా పక్కపక్కనే దిగుతూ వచ్చాయి. గౌను ఒకసారి కాదు, మూడుసార్లు చిన్నదైందని గుడ్డివాడు కూడా వేలితో తడిమి చెప్పగలడు. బయటినుంచి మాత్రం ఒక్క ముడత లేదు. ఎంత బాగా కుట్టారంటే అంత బాగా.

"ఇదెవరిది?" మొదటి చాలు మీద వేలు పెట్టారు.

కొడుకు దగ్గరికొచ్చి చూశాడు. పెద్ద పెద్ద కుట్లు. వాడెప్పుడూ మిషను మీద కుట్టు పొడుగు తగ్గించడు. "నాదే నాన్నా. బుట్టలో ఉంటే వేశాను. తనదని చూళ్ళేదు."

"ఇది?"

భార్య కళ్ళద్దాలు పెట్టుకుంది. చేతికుట్టు. గుండీలు వేసే చెయ్యి, దారాన్ని బిగించి లాగుతుంది. "నాదేనండీ. మొన్నెప్పుడో. అమ్మాయిదేనని తెలుసు. తెలిసే వేశాను. ఒంటికొచ్చిన నీరు తగ్గిందనుకున్నా."

మూడో చాలు మీదికి వేలు వెళ్ళి ఆగిపోయింది. అది కొత్తది. దారం ఇంకా మెరుస్తోంది. మొదలు దగ్గర కుట్టు ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళింది. ఊడకుండా ఉండాలని. ఆ అలవాటు ఆ వీధిలోనే కాదు, ఆ ఊళ్ళోనే ఒక్కరికుంది.

మాస్టారు స్టూలు మీద కూర్చున్నారు. స్టూలు అక్కడ లేకపోయినా కూర్చునేవారే.

"నేనే" అన్నారు. "ఏదో పాట పాడుకుంటూ వేసుంటాను. ముందు కుచ్చు విప్పి, మనవడు మార్జిన్ అడుగుతున్నాడని అరిచిన చేత్తోనే వెనక కుట్టు బిగించాను. ఇంట్లో కుట్రలు లేవు లేవని... ఒక్కళ్ళయినా కుట్ర చెయ్యలేదర్రా. అందరం కుట్టాం. అంతే."

ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని ఆయనా అనలేదు.

"రెండు వారాలు టైమిచ్చింది నర్సమ్మ. బరువు కదలకపోతే పెద్దాసుపత్రి. బిడ్డ ముందే రావచ్చంది. కాన్పులో రక్తం పోతే ఈ పిల్ల..." ఆ వాక్యాన్ని మాస్టారు అక్కడే తెంపేశారు. పళ్ళతో దారం తెంపినట్టు. "చెప్పండి. ఈ ఇంట్లో ఎవరు పెడుతున్నారు ఈ పిల్లకి తిండి?"

"అమ్మ" అన్నాడు కొడుకు.

"వాడు పెడుతున్నాడనుకున్నా" అంది భార్య. "నాకు మడమ నొప్పి. వండి గిన్నెలు మూతపెట్టి కిందికొస్తున్నా కదా. మొగుడూపెళ్ళాలు కలిసి తింటున్నారనుకున్నా."

"కలిసెక్కడమ్మా? నేను లేచేటప్పుడు తన బల్ల మీద కుప్ప ఉంటుంది."

"కుప్ప ఎందుకుంటుంది?"

"ఎందుకుంటుందంటావేంటి? మనం తిండికి లేచేముందు ఎవరి దగ్గరున్నవి వాళ్ళం ఇస్త్రీ బల్ల మీదికి తోసే కదా లేస్తాం!"

అందరూ ఇస్త్రీ బల్ల వైపు చూశారు. నిజమే. అందరూ తినే వేళకే ఆ బల్ల మీద కొండ పెరుగుతుంది. అందరూ తిని, చేతులు కడుక్కుని వచ్చాక ఆ కొండ తరుగుతుంది. తరిగేసరికి మళ్ళీ కొత్త కాలర్లు వచ్చి పడతాయి. మధ్యలో ఒక ముద్ద తిందామంటే తెల్లబట్ట ముట్టుకున్న చెయ్యి.

"పాపం కళ్ళు తిరుగుతున్నాయంటే నేనే టీ పోస్తున్నా" అంది ఓవర్‌లాకు పిన్ని. ఆమె గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది. "వేళ్ళకి అంటేది కాదు కదా, రూలుకి అడ్డం కాదని. టీ తాగితే ఆకలి చచ్చి పని సాగుతుందని నేనే చెప్పా."

"మాత్రలు? రక్తం మాత్రలు ఇచ్చారు కదరా మొదట్లో?"

కొడుకు మిషను చక్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతోందంది. అయితే మానెయ్ అన్నా. ఖాళీ కడుపెందుకని అడగాలని తట్టలేదు నాన్నా."

భార్య గుండీల డబ్బా మూత తెరిచింది, మూసింది, తెరిచింది. "ఇంకొకటుంది" అంది. "రాత్రిపూట నేనెదురుగా ఉన్నప్పుడు తింటుంది కదా. అప్పుడు రెండోసారి వడ్డించలేదండీ. బిడ్డ మరీ పెద్దదైతే కాన్పు కష్టం, కడుపు కొయ్యాలంటారని. మీ అబ్బాయప్పుడు నేనెంత చచ్చి బతికానో మీకు తెలియదు. ఈ పిల్లకి అంత బాధ ఉండకూడదనే... మంచికేనండీ. ఒట్టు."

"నువ్వు తెలిసి చేశావు. నేను తెలియకుండా చేశాను. ఏది ఎక్కువ దారుణమో నాకర్థం కావట్లేదు" అన్నారు మాస్టారు.

"ఆ మాటకొస్తే తిండి ముట్టకూడదన్న రూలు ఎవరిదండీ?" భార్య గొంతు హఠాత్తుగా లేచింది. "ఆ పిల్ల ఒకసారి ఇస్త్రీ మధ్యలో బిస్కెట్టు కొరికితే బల్ల గుద్దింది ఎవరు? 'కాలరు మీద కరుచుకున్న గుర్తులొద్దమ్మా' అని జోకేసింది ఎవరు? అందరం నవ్వాం. తనూ నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ బిస్కెట్టు ముట్టుకుందా?"

ఆ జోకు మాస్టారికి గుర్తుంది. బాగా పేలిన జోకు. పిన్నికి పొలమారింది కూడా. పేలిన జోకు ఎవరికి తగిలిందో ఆయన ఇన్నాళ్ళూ చూడలేదు.

కోడలు మెట్ల దగ్గరే నిలబడి ఉంది. అందరూ తన గురించి అరుచుకోవడం ఆమెకి కొత్త. "పోనీలెండి మామయ్యా. సీజనైపోతే..." అని ఇస్త్రీ బల్ల వైపు అడుగేసింది. చెయ్యి అలవాటుగా ఇస్త్రీపెట్టె తీగ వైపు వెళ్ళింది.

"ఆ తీగ ముట్టుకున్నావంటే!" అని మాస్టారు అరిచిన అరుపుకి పిన్ని చేతిలోని దారపుకండె జారిపడి కొట్టంతా దొర్లింది. ఆయన విసురుగా లేచి, మెట్లు రెండేసి ఎక్కి పైకెళ్ళారు. పైన గిన్నెల మూతలు పడిన చప్పుడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కంచం ఉంది. అన్నం, కూర, రెండు ఉడికిన గుడ్లు. ఎలా పడితే అలా పెట్టిన కంచం. ఆ మనిషి జన్మలో ఇంకొకరికి వడ్డించి ఎరగడు. అంచుల మీదనుంచి నూనె కారుతోంది.

కంచాన్ని తెచ్చి కత్తిరించే బల్ల మీద, సరిగ్గా తెల్లబట్టల మధ్య పెట్టారు.

"అయ్యో మాస్టారూ, కాలరు!" పిన్ని గావుకేక పెట్టింది.

దొంతర పైనున్న కాలరు మీద పచ్చగా బొటనవేలు ముద్ర. నడిమధ్యన. ఏ ముద్ర కోసం ఇన్నేళ్ళ రూలు పుట్టిందో, అచ్చం అలాంటిది. మాస్టారు ఆ కాలరుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఉతికితే పోతుంది" అన్నారు. తర్వాత ఇంకోసారి, తనకే చెప్పుకుంటున్నట్టు. "ఉతికితే పోయేదే ఇది."

కాలరుని తువ్వాలులా భుజాన వేసుకుని కోడలి వైపు తిరిగారు. "కూర్చోమ్మా. నువ్వు తినేదాకా ఈ కొట్టులో ఏ మిషనూ తిరగదు."

"మీరందరూ చూస్తుంటే ఎలా తినను మామయ్యా?"

"అందరూ అటు తిరగండర్రా!"

నలుగురూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తప్పు చేసి బెంచీ ఎక్కిన పిల్లల్లా. వెనకనుంచి కంచం చప్పుడు ఆగకుండా వినిపించింది. మధ్యలో కొడుకు భుజాలు కదిలాయి. వాడు ఏడుస్తున్నాడని పక్కనున్న మాస్టారికి తెలిసింది. చూడనట్టు ఉండిపోయారు. ఆయన పరిస్థితీ అంతంత మాత్రంగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే మాస్టారు బడికి వెళ్ళి, యూనిఫారాలు ఆలస్యమవుతాయని చెప్పొచ్చారు. ఎందుకని అడిగితే, "కొలత తప్పింది" అన్నారు. "పిల్లల కొలతలా?" అని గుమాస్తా అడిగాడు. "కాదు, పెద్దలది" అని వచ్చేశారు. గుమాస్తా అదీ జోకే అనుకుని నవ్వాడట.

ఆ తర్వాతి రోజులు ఆ వీధికి వింతగా గడిచాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొట్టులో మిషన్లన్నీ ఒక్కసారే ఆగేవి. కరెంటు పోయిందనుకుని పక్కకొట్టువాళ్ళు బయటికొచ్చి చూసేవాళ్ళు. కోడలి కంచం ముందు, మిగతావి తర్వాత. ఇస్త్రీపెట్టె ఇప్పుడు మాస్టారి చేతిలో ఉంది. ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా కుట్టిన చొక్కా అంత బాగుండేది కాదు. "ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి" అని పిన్ని దెప్పేది. రక్తం మాత్ర కొడుకు చేత్తో, భోజనమయ్యాక. టీ ఎప్పుడో ఒకటి, అదీ తిండికి దూరంగా. నర్సమ్మ అలాగే చెప్పింది. భార్య ఒకరోజు తనంతట తానే కేంద్రానికి వెళ్ళి నర్సమ్మ ముందు కూర్చుని వచ్చింది. బిడ్డ చిన్నదైతే కాన్పు తేలిక కాదట, బతకడం కష్టమట. ఆ రాత్రి కోడలి కంచంలో మూడోసారి వడ్డించింది. "చాలత్తయ్యా" అంటే కూడా గరిటె ఆగలేదు.

లూజు బుట్టని మాస్టారు అటక మీదికి ఎక్కించారు. ఇంట్లోవాళ్ళ బట్టలు వదులుగా ఉంటే ఉండనీ అన్నారు. నీలం గౌను నుంచి మూడో చాలు, తన చాలు, తనే బ్లేడుతో విప్పబోయారు.

"విప్పకండి" అంది భార్య. "ఉండనీండి. అదే మనకి తక్కెడ."

రెండు వారాల తర్వాత మాస్టారే మళ్ళీ కోడల్ని తీసుకెళ్ళారు. బెంచీ మీద కిందటిసారి ముసలావిడే ఉంది. జోకు కోసం ఆశగా చూసింది. మాస్టారు దణ్ణం పెట్టి ఊరుకున్నారు. కోడలు బరువు మిషనెక్కింది. నర్సమ్మ ముల్లుని చూసింది. మాస్టారు నర్సమ్మని చూశారు.

"కదిలింది" అంది నర్సమ్మ. అంతలోనే వేలెత్తింది. "కొంచెమే. సంబరపడిపోకండి. బిడ్డ ఇంకా వెనకబడే ఉంది. జబ్బ కొలత ఇంకా ఎరుపులోనే. ఆసుపత్రి సంగతి వచ్చేసారి చూద్దాం. పెట్టడం ఆపారో, నేనే మీ కొట్టుకొస్తా."

"రండి. తెల్లబట్టల మీదే భోజనం పెడతా" అన్నారు మాస్టారు. గొంతులో పాత గట్టిదనం పావువంతు తిరిగొచ్చింది.

ఇంకో వారం గడిచింది. ఒక సాయంత్రం మాస్టారు ఇస్త్రీ బల్ల దగ్గర చెమటలు కక్కుతున్నారు. కోడలు మెట్లు దిగి వచ్చి పక్కన నిలబడింది. ఒంటి మీద నీలం గౌను.

"మామయ్యా, ఒక మాట."

అడగకుండా ఆమె మాట్లాడటం అదే మొదలు. మాస్టారు ఇస్త్రీపెట్టె నిలబెట్టారు.

"చంక దగ్గర పట్టేస్తోంది."

"ఏంటీ?"

"చెయ్యెత్తితే బిగుస్తోంది. కొంచెం వదులు చేస్తారేమోనని."

ముప్పై ఏళ్ళుగా బిగుతైందని ఎవరొచ్చినా, "బట్ట కాదు బాబూ, నువ్వు" అని గేలి చేసిన మనిషి. ఇప్పుడు మాత్రం ఆయన గొంతు వీధి మలుపు దాటి వెళ్ళింది. "ఏమేవ్! ఒరేయ్! పిన్నీ! అమ్మాయికి బిగుతైందట! విన్నారా? బిగుతైందట!" భార్య మడమ నొప్పి మర్చిపోయి మెట్లు దిగింది. కొడుకు కుడుతున్న చొక్కా మిషను కిందే వదిలేసి వచ్చాడు.

కోడలు పైకెళ్ళి మార్చుకుని తెచ్చిన గౌనుని మాస్టారు తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నారు. బ్లేడు కొసతో మూడో చాలు మొదలు పట్టుకున్నారు. ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళిన కుట్టు. ఊడకూడదని వేసిన కుట్టు, అంత తేలిగ్గా ఊడలేదు. ఒక్కొక్క పోగే తెంపుకుంటూ పోయారు. చివరిదాకా వచ్చాక దారాన్ని ఒకే లాగుకి బయటికి తీశారు.

"మిగతావి కూడా విప్పెయ్యండి నాన్నా" అన్నాడు కొడుకు.

మాస్టారు తలడ్డంగా ఊపి, వేలితో తడిమారు. లోపల ఇంకా రెండు చాళ్ళున్నాయి. ఒకటి వాడిది, ఒకటి వాళ్ళమ్మది.

"అవి మీవి. అమ్మాయికి అంత ఒళ్ళు వచ్చాక ఎవరిది వాళ్ళే విప్పండి" అన్నారు. గౌను కోడలికి ఇచ్చి, గడియారం వైపు చూసి, మిషన్లు ఆపమని చెయ్యెత్తారు.